ఆరడుగుల జాగా

"అరవై ఏళ్ళు నడిచింది చాలదా పాపా, ఇంకా నడవమంటాడేంది ఆ డాక్టరు?"

మూడేళ్ళ కిందట ఆసుపత్రి మెట్లు దిగుతూ మా అమ్మ అన్న మాట ఇది. చేతిలో మందుల చీటీ. మాత్రల పేర్ల కింద అడ్డగీత గీసి, "రోజూ 45 నిమిషాలు నడక" అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు. పరగడుపున షుగరు 186. నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80 దాటితేనే జాగ్రత్తపడాలట.

అమ్మది కందుకూరు వైపు పల్లె. 2022 దాకా అది ప్రకాశం, ఆ ఏడాది నెల్లూరు జిల్లాలో కలిపారు. తెల్లారకముందే బోరింగు దగ్గర నుంచి నాలుగు బిందెల నీళ్ళు, తర్వాత చేను. పొగాకు కాలంలో ఆకు కొట్టడం, మోసుకొచ్చి కర్రలకు అల్లడం, ఆకు ఆరబెట్టే బేరన్‌లోకి అందించడం. అదయ్యాక మిరప కోతలు. చేను ఇంటికి రెండు మైళ్ళు. పోను రెండు, రాను రెండు, నెత్తిన గడ్డిమోపు ఉన్నా లేకున్నా. "వాకింగ్" అనే మాట ఆమె మొదటిసారి విన్నది టౌనుకొచ్చాకే.

నాన్న పోయాక ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను నెల్లూరు జిల్లాలో ఒక టౌనులో ఉంటాను, హైస్కూల్లో టీచర్ని. టౌను పేరు రాయను. మీ ఊరి పేరు పెట్టుకుని చదువుకున్నా ఇందులో మారేది పెద్దగా ఉండదు. ఇక్కడ నీళ్ళు కొళాయిలో వస్తాయి, కూరగాయల బండి గుమ్మం ముందే ఆగుతుంది, 2025 దాకా రేషను బియ్యం కూడా ఆటోలో ఇంటికే వచ్చేవి. అమ్మను సుఖపెడుతున్నాననే అనుకున్నాను. కంచంలో అన్నం మాత్రం చేనికి పోయేనాటంత. పాలిష్ పట్టిన తెల్లబియ్యం, మూడు పూటలా. ఆ అన్నాన్ని అరగదీసే పని మాత్రం పోయింది. నాలుగేళ్ళలో పదకొండు కిలోలు పెరిగింది.

మొదట్లో మొరాయించినా, డాక్టరు మాట మీద గౌరవం కొద్దీ నడక మొదలుపెట్టింది. మా వీధి పెద్దరోడ్డు దాకా నాలుగు వందల మీటర్లు. ఇంటి ముందు సైడుకాలవ, దాని మీద బండలు. ఆ బండలే మాకు ఫుట్‌పాత్. కొన్ని వంగిపోయాయి, కొన్ని విరిగాయి, కొన్నిచోట్ల అసలు లేవు. లేనిచోట రోడ్డు మీదికి దిగాలి. దిగితే కట్టుబడి కోసం పోసిన ఇసుక కుప్ప, దాన్ని తప్పించుకుంటే వెనకనుంచి హారన్. చీకటితో పోదామంటే లైట్లు వెలగవు, కుక్కలు. తెల్లారాక పోదామంటే స్కూలు ఆటోలు, బండ్లు. పందొమ్మిదో రోజు ఒక విరిగిన బండ మీద అడుగు వేసింది. కాలు మోకాలి దాకా కాలవలోకి దిగిపోయింది. చీలమండ ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు.

నొప్పి ఓర్చుకుంది. నలుగురూ చూస్తుండగా కాలవలోంచి తనని పైకి లాగారనే బాధ మాత్రం చాలాకాలం పోలేదు.

కట్టు విప్పించాక మళ్ళీ షుగరు చూపించుకోవడానికి వెళ్ళాం. "నడుస్తున్నారా అమ్మా?" అని డాక్టరు మామూలుగా అడిగారు. అమ్మ తల దించుకుంది, హోంవర్కు చెయ్యని పిల్ల టీచరు ముందు నిలబడినట్టు. నా క్లాసులో రోజూ చూసే భంగిమ అది. అరవై ఏళ్ళు పొలంలో నడుం వంచిన మనిషి, తనకి బద్ధకమని ఒప్పుకుంటున్నట్టు నిలబడింది. ఈ వ్యాసం ఆరోజు నుంచీ నాలో ఉంది.

డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆయన చెప్పింది సరైనదే. వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాలు ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక్కో రోగికి ఐదు నిమిషాలు దొరికే డాక్టరు ఆ మాట చీటీ మీద రాయగలడు, మా వీధి కాలవ మీద బండలు వేయించలేడు. నా వాదన ఇది: మనిషి ఎంత నడుస్తాడన్నది చాలావరకు అతని పని, అతని వీధి, అతని ఊరు నిర్ణయిస్తాయి. వాటిని వదిలేసి మనిషిని ఒక్కణ్ణే నిలదీస్తే మా అమ్మలాంటి వాళ్ళు తల దించుకుంటారు, షుగరు మాత్రం దిగదు.

ఈ శాస్త్రం మొదలైందే అలా. లండన్‌లో రెండంతస్తుల బస్సులు ఉండేవి. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు టికెట్లు కొట్టడానికి మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన బృందంతో ఆ ఉద్యోగుల ఆరోగ్యం లెక్కలు తీసి 1953లో ప్రకటించాడు. కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. మూడేళ్ళ తర్వాత వాళ్ళ యూనిఫాం కొలతలు కూడా తెప్పించి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుం కొలత పెద్దది, కుర్రవాళ్ళలో కూడా. అంటే ఉద్యోగంలో చేరేటప్పటికే కొంత తేడా ఉందేమోననే అనుమానం వచ్చింది. దాన్ని దాచుకోకుండా ఆయనే బయటపెట్టాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఆ కండక్టర్లకి ఎవరూ వ్యాయామం చెయ్యమని చెప్పలేదన్నది మాత్రం నేను మరవను. మెట్లు ఉన్నాయి కాబట్టి ఎక్కారు. మా అమ్మకి చేను ఉంది కాబట్టి నడిచింది.

ఇప్పుడు మన దేశం లెక్క చూడండి. అవసరమైనంత కూడా ఒళ్ళు కదలని పెద్దవాళ్ళు 2000లో సుమారు 22 శాతం. 2022కి దాదాపు 49 శాతం. మగవాళ్ళలో 42, ఆడవాళ్ళలో 57. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించిన అంచనా ఇది. ఇరవై రెండేళ్ళలో దేశం మొత్తానికీ ఒక్కసారిగా బద్ధకం పుట్టిందంటే నేను నమ్మను. పనులు మారాయి, ఊళ్ళు మారాయి. బరువు సంగతికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో మూడో వంతుకు పైగా అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్ళు. దేశం మొత్తం మీద అది నాలుగో వంతు.

బరువు గురించి ఒకమాట చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే చాలామంది నడక మానేసేది ఇక్కడే. "నెల నడిచాను, అరకిలో కూడా తగ్గలేదు" అంటారు. ఒక్క నడకతో బరువు బాగా తగ్గడం కష్టమే, దానికి కంచంలో అన్నం కూడా మారాలి. అయినా నడక వృథా పోదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసినవాళ్ళలో 55 శాతానికి షుగరు వచ్చింది. తిండి సరిచేసుకుని రోజూ అరగంట చురుగ్గా నడిచినవాళ్ళలో 39 శాతానికే వచ్చింది. వాళ్ళ బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాటా ముల్లు కదలకపోయినా లోపల ఏదో బాగుపడుతూనే ఉంది. డాక్టర్లు ఈ ఒక్క మాట చీటీ మీద రాస్తే ఎంతమంది నిరాశ పడకుండా ఉంటారో అనిపిస్తుంది. సన్నగా ఉన్నవాళ్ళూ నిశ్చింతగా ఉండే వీల్లేదు. మనవాళ్ళకి చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, కొవ్వంతా పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే ఇక్కడ డాక్టర్లు బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 నుంచే అధిక బరువు కింద లెక్కేస్తారు, 25కి ఊబకాయం అంటారు.

మరి నడిచేవాళ్ళు లేరా? ఉన్నారు. పొద్దున ఐదింటికి నెల్లూరు వీఆర్‌సీ గ్రౌండుకి వెళ్ళి చూడండి. ఎక్కువమంది మగవాళ్ళు, ఎక్కువమంది బండి మీద వచ్చి నడిచి మళ్ళీ బండి మీద ఇంటికెళ్ళేవాళ్ళు. మంచిదే, నడవనివ్వండి. కానీ ఆ వేళకి వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎక్కడున్నారు? నా సంగతి చెబుతాను. ఐదు నుంచి ఎనిమిది దాకా నాకు పొయ్యి, మూడు క్యారేజీలు, ఇడ్లీ రేకులు, బట్టలు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరున్నర, అప్పుడు వీధి చీకటి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధకులు తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చూసి 2014లో ప్రకటించినదాని ప్రకారం, తీరిక వేళల్లో ఆటలో, వ్యాయామమో చేసేవాళ్ళు పదిశాతం కూడా లేరు. తీరిక అనేదే లేనివాళ్ళకి తీరికవేళ చెయ్యాల్సిన పని అప్పజెబితే అంతే అవుతుంది. నడక రోజువారీ దారిలోనే కలిసిపోవాలి: అంగడికి, బడికి, బస్టాండుకి, గుడికి. అలా కలిసిపోవాలంటే ఆ దారి నడిచేలా ఉండాలి.

"డాబా మీద నడవమనొచ్చుగా మీ అమ్మని" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ అన్నారు. నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకి ఇరవై రెండు అడుగులు. నాలుగో రోజు కిందికి దిగొచ్చి, "గానుగెద్దు మాదిరి యాడికీ పోకుండా తిరగతా ఉండేది నడకా పాపా?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఆమె జీవితంలో నడకంటే ఒకచోటికి పోవడం, దారిలో నలుగురితో మాట్లాడటం.

ఇప్పుడు నన్ను ఎక్కువ కదిలించిన సంగతికి వస్తాను. మన నెల్లూరు వాళ్ళకి పెద్ద జబ్బంటే మద్రాసే. పినాకిని రైలెక్కి పోయి, రిపోర్టుల సంచితో తిరిగొస్తాం. అదే ఊళ్ళో జరిగిన ఈ కథని మాత్రం తెచ్చుకోలేదు. 1990ల రెండో సగంలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు చెన్నైలో రెండు పేటలు తీసుకుని అక్కడి పెద్దవాళ్ళకి పరీక్షలు చేశారు. ఒకటి తిరుమంగళంలో ఏషియాడ్ కాలనీ, మధ్యతరగతి వాళ్ళది. రెండోది టి.నగర్‌లో భారతీనగర్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళది. అప్పటికి కాలనీలో షుగరు 12.4 శాతం మందికి ఉంది, భారతీనగర్‌లో 6.5 శాతానికి. డాక్టర్ వి. మోహన్ బృందం కాలనీవాళ్ళకి ఈ లెక్కలు చూపించి, నడక ఎందుకు అవసరమో చెప్పింది. కాలనీవాళ్ళు విని ఊరుకోలేదు. సొంత డబ్బులు పోగుచేసుకుని ఒక పార్కు కట్టుకున్నారు. వారానికి మూడుసార్లకు మించి వ్యాయామం చేసేవాళ్ళు మొదట్లో 14.2 శాతం ఉండగా, ఏడేళ్ళ తర్వాత చూస్తే 58.7 శాతం అయ్యారు. ఎన్ని ఉపన్యాసాలిస్తే ఇంతమంది కదులుతారో నాకు ఊహకందదు.

పదేళ్ళకి మళ్ళీ రెండు పేటలూ చూశారు. కాలనీలో షుగరు 12.4 నుంచి 15.4కి చేరింది. భారతీనగర్‌లో 6.5 నుంచి 15.3కి. పేదవాళ్ళ పేట పదేళ్ళలో రెండింతలు దాటి, డబ్బున్నవాళ్ళని అందుకుంది. పార్కు ఒక్కటే ఈ తేడా తెచ్చిందని నేను అనను. రెండు పేటల చదువులు వేరు, పనులు వేరు, తిండి వేరు, మొదలైన చోటూ వేరు. కానీ ఈ రెండు అంకెలు పక్కపక్కన చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. సొంతంగా పార్కు కట్టుకోలేని పేటలు మన టౌన్లలో ఎన్ని ఉన్నాయి? అలాంటి చోట్లకి టీవీ వచ్చింది, నూనె ప్యాకెట్లు వచ్చాయి, చిప్సు దండలు ప్రతి బడ్డీకొట్టుకీ వేలాడుతున్నాయి. నడిచే జాగా ఒక్కటే రాలేదు. చందాలతో పార్కు కట్టుకోమని వాళ్ళకి చెప్పలేం. అందుకే ఇది ప్రభుత్వం పని అంటున్నాను.

ఎంత జాగా కావాలి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, ఇళ్ళుండే చోట ఫుట్‌పాత్ మీద ఏ అడ్డమూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. దాదాపు ఆరడుగులు. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ పక్కపక్కన నడిచే వెడల్పు. ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టంగా చెప్పింది. ఆ మాట అతిశయోక్తి కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో ఇంచుమించు ఐదోవంతు నడిచిపోయేవాళ్ళే.

ఫుట్‌పాత్ అనగానే తోపుడు బండ్ల వాళ్ళని తరిమెయ్యమనే మాట వస్తుంది. నాకది ఇష్టం లేదు. వాళ్ళకి చోటు కేటాయించమని 2014 వీధి వ్యాపారుల చట్టమే ఉంది. పైగా సాయంత్రం పూల బండి, జామకాయల బండి ఉన్న వీధిలోనే ఆడవాళ్ళు భయం లేకుండా నడుస్తారు. నిర్మానుష్యంగా ఉన్న వెడల్పాటి రోడ్డు కంటే నాకు ఆ వీధే నయం.

పిల్లల సంగతి రాయకుండా ముగించలేను, ఎందుకంటే అక్కడ తప్పులో నా వాటా ఉంది. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున గంట ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పదో తరగతికి సిలబస్ పూర్తికాలేదని నేను ఎన్నోసార్లు డ్రిల్లు పీరియడ్ అడిగి తీసుకున్నాను. డ్రిల్లు మాస్టారు కాదనలేక ఇచ్చారు. పిల్లలు మొహాలు వేలాడేసుకుని లోపలికొచ్చారు. ఆ ఏడాది మా ఫలితాలు బాగున్నాయని సన్మానం కూడా జరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నేను లాక్కున్నది ఏమిటో తెలుస్తోంది. మా బడికి కనీసం గ్రౌండుంది. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నా, మూడంతస్తుల అద్దె బిల్డింగుల్లో నడిచే ప్రైవేటు బడుల పిల్లలు పొద్దున ఎనిమిదికి ఆటో దిగి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక మళ్ళీ ఆటో ఎక్కుతారు. మధ్యలో పాదం మట్టికి తగలదు. ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఎనిమిదో తరగతి దాటగానే గ్రౌండులో కనిపించరు. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళకీ అదే చీటీ రాస్తారు, అదే సున్నా చుడతారు.

బండల గురించి అర్జీ పెడదామనుకుంటున్నానని అమ్మతో అంటే, ఆమె వెంటనే పెద్దమ్మను తలుచుకుంది. పెద్దమ్మను ఇచ్చింది కావలి అవతల పల్లెకి. 1992లో సారా వేలంపాటలు ఆపించడానికి నెల్లూరు వెళ్ళిన ఆడవాళ్ళలో ఆమె కూడా ఉంది. "ఒక్కతే పోతే ఎవురు వింటారు పాపా? మీ పెద్దమ్మోళ్ళు ఊరంతా కలిసి పోయినారు" అంది అమ్మ.

మన జిల్లాలో ఉంటూ ఈ విషయానికి వేరే దేశాల ఉదాహరణలు వెతకడం నాకు ఇప్పుడు వింతగా అనిపిస్తుంది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకోవడానికి రాత్రిపూట కూర్చున్న ఆడవాళ్ళు, తమ కష్టాల గురించి మాట్లాడుకుని, దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. తాగేవాడికి మనసు గట్టిది కాదని వాళ్ళు నీతులు చెబుతూ కూర్చోలేదు. దుకాణం ఊరి మధ్యలో ఉన్నంతకాలం కూలి డబ్బు ఇల్లు చేరదని గ్రహించి, దుకాణాన్నే ఎత్తెయ్యమన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే సడలిపోయింది, అదీ నిజమే. సాధించుకున్నది కాపాడుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి ఉంటుంది. కానీ మనిషి అలవాటు మారాలంటే అతని చుట్టూ ఉన్నది మారాలనే సంగతి, ప్రజారోగ్య పాఠాలు చదవకుండానే వాళ్ళకి తెలిసింది.

అమ్మ చెప్పినట్టే చేశాం. వీధిలో పదిహేడు ఇళ్ళ ఆడవాళ్ళం సంతకాలు పెట్టాం. పై ఇంటి వదిన టేపు పట్టుకుని వీధి పొడుగునా కొలిచింది. విరిగిన బండలు ముప్పై ఒకటి, లేనివి పద్నాలుగు, వెలగని లైట్లు ఆరు. మా బడి గ్రౌండు పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, సాయంత్రం బడి వదిలాక ఒక గంట ఆడవాళ్ళకీ పిల్లలకీ తెరవాలని కూడా రాశాం. హెడ్మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు. సీసాలు పారేస్తే, కుళాయిలు విరగ్గొడితే ఎవరు జవాబు చెప్పాలని అడిగారు. ఆయన భయం న్యాయమైనదే. తాళం బాధ్యత మా వీధి వాళ్ళమే తీసుకుంటామని తల్లిదండ్రుల కమిటీలో రాసిచ్చాం. సాయంత్రం గంటకి ఒప్పుకున్నారు. పొద్దుటి సంగతి తర్వాత చూద్దామన్నారు. నేను డ్రిల్లు పీరియడ్ తీసుకోవడం మానేశాను. సిలబస్ కోసం శనివారం మధ్యాహ్నాలు నావి ఇస్తున్నాను.

అర్జీ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. రసీదు ఇచ్చారు. రెండో నెల ఒక ఇంజినీరు వచ్చి చూసి వెళ్ళారు. నాలుగో నెలలో లైట్లు వెలిగాయి. పోయిన నెల మా ఇంటి వైపునుంచి రేషను షాపు దాకా కొత్త బండలు వేశారు, అక్కడితో ఆగిపోయింది. నూట అరవై మీటర్లు. అమ్మ ఇప్పుడు దీపాల వేళకి అంత దూరమూ వెళ్ళి, షాపు అరుగు మీద కాసేపు కూర్చుని, తిరిగొస్తోంది. పక్కింటి పిన్ని, చివరింటి కోడలు, ఆమె పాప తోడు. మొన్న నాలుగుసార్లు తిరిగారట. షాపు దాటితే మళ్ళీ పాత బండలే, అక్కడ ఆమె కాలు పెట్టదు.

మిగిలిన రెండు వందల నలభై మీటర్ల కోసం వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది.